గురువారం అన్నం పెట్టిన ఇల్లు

మా నాన్న తెనాలిలో హైస్కూలు చదువంతా వారాలు చేసుకుని చదివాడు. 1950ల మొదట్లో మాట. అమెరికాలో పుట్టిన మా అమ్మాయికి ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు తాతయ్య వారానికోసారి బడికి వెళ్లేవాడేమో అనుకుంది. కాదమ్మా, వారంలో ఏడు రోజులకు ఏడు ఇళ్లు, సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు గడపలు తొక్కితే ఒక వారం గడిచేది అని చెప్పాను. వాళ్లు బంధువులు కారు, అప్పటికి ముక్కూ మొహం తెలిసినవాళ్లు కూడా కారు. బడి తెరిచే ముందు పన్నెండేళ్ల పిల్లాడు ఒక్కో ఇంటి అరుగు ముందు నిలబడి "అమ్మా, మీ ఇంట్లో బుధవారం ఖాళీ ఉందా" అని తన నోటితో తనే అడగాలి. ఉంటే రమ్మంటారు, లేకపోతే లేదంటారు. నాన్నకు ఆరు రోజులు తొందరగానే కుదిరాయట, గురువారం కుదరడానికి నెల పట్టిందట. ఆ నెల గురువారాలన్నీ మరమరాలు తిని నీళ్లు తాగి పడుకునేవాణ్ణి అని చెప్పేవాడు, ఎప్పుడు చెప్పినా అదే గొంతుతో.

మా అమ్మాయి ఇక్కడ పెన్సిల్వేనియాలో, పెన్ స్టేట్ యూనివర్సిటీలోని ష్రయర్ ఆనర్స్ కాలేజీలో నాలుగో సంవత్సరం చదువుతోంది. చదువులో ఎప్పుడూ ముందే. దానికి కావాల్సినవి అడగకముందే వచ్చాయి, మేమిచ్చినవి కొన్ని, బడి ఇచ్చినవి కొన్ని, స్కాలర్‌షిప్పు రూపంలో కాలేజీ ఇచ్చింది కొంత. ఈ రెండు చదువులనూ పక్కపక్కన పెట్టి మూడేళ్లుగా ఆలోచిస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇదీ: తెలివైన పిల్లల్ని ఏరి ఒకచోట చేర్చి, వాళ్ల కోసం కోట్లు పోగుచేసే ఏ కాలేజీ అయినా సరే, ఆ పిల్లల చేత కూడా ఇంకొకరి కోసం చెయ్యి చాపించాలి. తమలాంటివాళ్ల కోసం కాదు, తమ గుంపు బయట ఉన్నవాళ్ల కోసం. ఆ పనిని ఖాళీ ఉంటే చేసే పనిగా కాకుండా చదువులో భాగంగానే చూడాలి.

ఆనర్స్ కాలేజీ అంటే తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఇక్కడ పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో పదుల వేలమంది చదువుతారు, మొదటి సంవత్సరం క్లాసుల్లో ఒక్కోసారి రెండు మూడొందల మంది కూర్చుంటారు. ఆ వేలల్లోంచి కొందరిని ఏరి చిన్న క్లాసులు, అందరికన్నా ముందు కోర్సులు ఎంచుకునే వీలు, విడిగా హాస్టలు, చివర్లో తప్పనిసరిగా ఒక థీసిస్, ఇలా పెద్ద యూనివర్సిటీ కడుపులో ఒక చిన్న కాలేజీని పెడతారు. 1922లో స్వార్థ్‌మోర్ కాలేజీలో ఫ్రాంక్ ఐడెలాట్ మొదలుపెట్టిన ఆనర్స్ చదువు దీనికి పాత వేరు, 1960లో ఆరెగన్ యూనివర్సిటీ దాన్ని విడి కాలేజీగా చేసింది. పెన్ స్టేట్‌లో 1980లో చిన్న ప్రోగ్రాముగా మొదలైంది. 1997లో విలియం ష్రయర్ దంపతులు 3 కోట్ల డాలర్లు ఇచ్చారు, అప్పుడది వాళ్ల పేరు మీద కాలేజీ అయింది. ఆయన 1948లో అదే యూనివర్సిటీలో డిగ్రీ పూర్తిచేసి తర్వాత మెరిల్ లించ్ కంపెనీకి అధిపతి అయినవాడు. అరిజోనాలో ఇంటెల్ అధిపతి క్రెయిగ్ బ్యారెట్ దంపతులు 2000లో కోటి డాలర్లు ఇస్తే అక్కడి ఆనర్స్ కాలేజీకి వాళ్ల పేరు వచ్చింది. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో 2006లో మెకాలే దంపతుల 3 కోట్ల డాలర్లతో ఇంకో పేరు వచ్చింది.

ఇలాంటి డబ్బు ఎలా పనిచేస్తుందో మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గుడికి పూర్వం ఎవరో ఎకరాలు మాన్యం రాసిస్తారు, ఆ భూమి అమ్మరు, కౌలు మీద రోజూ దీపం వెలుగుతుంది. ఇక్కడా అంతే. అసలు ముట్టుకోరు, మదుపు పెట్టి, సాధారణంగా ఏటా నాలుగైదు శాతం తీసి ఖర్చుపెడతారు. 3 కోట్ల మీద ఏడాదికి పన్నెండు లక్షలో పదిహేను లక్షలో వస్తుంది, ఆ కౌలులోంచి పిల్లలకు స్కాలర్‌షిప్పులు, విదేశీ ప్రయాణాలకు సాయం, ఇంటర్న్‌షిప్పులకు సాయం. ష్రయర్ గారు 2011లో పోయారు, దీపం వెలుగుతూనే ఉంది. ఇలా ఇచ్చినవాళ్లంటే నాకు చాలా గౌరవం. మా అమ్మాయి తిన్న అన్నంలో వాళ్ల మెతుకులు ఉన్నాయి.

కానీ నాన్నకు ఏడు మొహాలు తెలుసు. ఏ ఇంట్లో పచ్చిపులుసు పుల్లగా ఉంటుందో తెలుసు, ఏ ఇంట్లో మారు వడ్డించేటప్పుడు పెద్దావిడ నిట్టూరుస్తుందో తెలుసు, ఏ ఇంట్లో ఆ నెల ఇబ్బందుల్లో ఉన్నారో అన్నం రంగు చూసి చెప్పగలడు. తను చదివే చదువు ఎవరి కంచంలోంచి వస్తోందో ఆ పిల్లాడికి ప్రతి పూటా కళ్ల ముందు కనిపించేది. మా అమ్మాయికి కాలేజీ గోడ మీద పేరు కనిపిస్తుంది, ఏడాదికోసారి దాతలకు కృతజ్ఞతగా ఒక ఉత్తరం రాస్తుంది, అంతే. ఉత్తరం మంచిదే. మొహం లేని మనిషికి పందొమ్మిదేళ్ల పిల్ల ఏమని రాస్తుంది చెప్పండి?

ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. నాన్నకు ఆ ఏడు గడపలూ తెరుచుకున్నాయంటే, వాడు మనవాడే అని వాళ్లు అనుకున్నారు కాబట్టి తెరుచుకున్నాయి. అదే బడిలో నాన్న పక్క బెంచీలో కూర్చుని నాన్నకన్నా బాగా లెక్కలు చేసిన పిల్లాడు ఒకడు ఉండేవాడట, వాళ్లది ఊరి చివరి పేట, వాడికి ఆ వీధిలో ఒక్క వారం కూడా దొరికేది కాదు, అసలు అడగడానికే వెళ్లలేదు. రెండేళ్లకు చదువు మానేశాడు. నాన్న చివరి రోజుల్లో ఆ పిల్లాడి గురించే ఎక్కువ మాట్లాడాడు. వారాల అన్నం ఎంత గొప్పదో అంత చిన్నది కూడా, తమవాళ్లు అనుకున్నవాళ్ల దగ్గరే ఆగిపోయింది. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ పెట్టినప్పుడు గానీ, ఆ తర్వాత ఒక్కో కులం వాళ్లు ఒక్కో హాస్టలు కట్టుకున్నప్పుడు గానీ వేల పిల్లలు చదువుకున్నారు. ఎవరి వలయంలో వాళ్లు.

ఆనర్స్ కాలేజీలకూ ఇదే ప్రమాదం ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. పెన్ స్టేట్ ప్రధాన క్యాంపస్‌లో 40 వేల పైగా విద్యార్థులుంటే ఈ కాలేజీ పిల్లలు దాదాపు 2 వేల మంది. మొదటి ఏడాది వాళ్లందరినీ ఆథర్టన్, సిమన్స్ అనే రెండు హాస్టళ్లలో ఉంచుతారు. మంచి మనసుతో చేసిన ఏర్పాటే, పిల్లలు ఒకరికొకరు దగ్గరవుతారు, రాత్రి రెండింటికి లెక్క రాకపోతే పక్క గది తలుపు కొట్టొచ్చు. కానీ మంచి మార్కులవాళ్లు మంచి మార్కులవాళ్లతోనే తిని, వాళ్లతోనే పడుకుని లేచి, వాళ్ల కోసమే పోగుచేసిన డబ్బుతో చదువుకుంటే నాలుగేళ్ల తర్వాత వాళ్లకు లోకం మీద ఏ అప్పు గుర్తుంటుంది? ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది మాత్రం ఆ యూనివర్సిటీలోనే, ఫిబ్రవరి నెల మంచులో.

దాన్ని థాన్ అంటారు. డాన్స్ మారథాన్ అనే మాటలోంచి వచ్చిన ముద్దు పేరు. శుక్రవారం సాయంత్రం ఆరింటి నుంచి ఆదివారం సాయంత్రం నాలుగింటి దాకా, 46 గంటలు, దాదాపు 700 మంది విద్యార్థులు కూర్చోకుండా, నిద్రపోకుండా నిలబడతారు. వాళ్ల చుట్టూ వేలమంది విద్యార్థులు వాలంటీర్లుగా పనిచేస్తారు, ఒకరు కాళ్లు పిసుకుతారు, ఒకరు అన్నం తెచ్చిపెడతారు, ఒకరు నేల తుడుస్తారు. దీనికోసం నెలల ముందు నుంచే విద్యార్థులు తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ చందాలు అడుగుతారు. అలా వచ్చిన డబ్బంతా ఫోర్ డైమండ్స్ అనే సంస్థకు, దాని ద్వారా హెర్షీ అనే ఊళ్లోని పిల్లల ఆసుపత్రిలో క్యాన్సర్‌కు వైద్యం చేయించుకుంటున్న పిల్లల కుటుంబాలకు వెళుతుంది. ఇన్సూరెన్సు కట్టగా మిగిలిన బిల్లు ఆ తల్లిదండ్రుల మీద పడకుండా చూస్తారు, కొంత పరిశోధనకు ఇస్తారు.

మొదలైంది 1973లో. 39 జంటలు 30 గంటలు నాట్యం చేస్తే వచ్చింది 2 వేల డాలర్ల చిల్లర. 1977లో ఫోర్ డైమండ్స్‌తో ముడిపడింది. ఆ పేరు వెనక ఒక పిల్లాడున్నాడు. క్రిస్టఫర్ మిల్లార్డ్ అని, క్యాన్సర్‌తో 14 ఏళ్లకే పోయాడు. పోయేలోపు ఒక కథ రాశాడు, అందులో ఒక వీరుడు ధైర్యం, వివేకం, నిజాయితీ, బలం అనే నాలుగు వజ్రాల కోసం వెతుకుతాడు. కొడుకు పోయాక 1972లో తల్లిదండ్రులు ఆ కథ పేరుతోనే నిధి పెట్టారు. 2023లో థాన్ ఒక్క ఏడాదిలో పోగుచేసింది కోటీ యాభై లక్షల డాలర్లు దాటింది, ఇన్నేళ్లలో మొత్తం 20 కోట్లు ఎప్పుడో దాటిపోయింది. ఇదంతా విద్యార్థులే నడుపుతారు. యూనివర్సిటీలో అన్ని గుంపులవాళ్లూ ఉంటారు, ఆనర్స్ కాలేజీ పిల్లలూ వాళ్లలో కలిసిపోతారు. నాకు నచ్చింది అదే. ఆ నేల మీద ఎవరిది ఏ కాలేజో, ఎవరికెంత జీపీఏ ఉందో ఎవరికీ పట్టదు.

మా అమ్మాయి మూడో ఏడు నిలబడింది. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ 46 గంటల గురించి కాదు, అంతకు నాలుగు నెలల ముందు ఒక శనివారం మధ్యాహ్నం గురించి.

ఆ రోజు ఇంటికొచ్చింది. మేముండేది హారిస్‌బర్గ్ దగ్గర, కాలేజీకి కారులో గంటన్నర. భోజనం అయ్యాక మేడ మెట్ల మీద కూర్చుంది, మూడో మెట్టు మీద, ఫోను ఒళ్లో పెట్టుకుని. పక్కన ఒక నోటుబుక్కు, అందులో పేర్లు. మొదటి పేరు వాళ్ల హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పిన మాస్టారిది. ఆయనకు ఫోను చేసి డబ్బు అడగాలి. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ చూస్తున్నాను. నంబరు నొక్కుతుంది, తీసేస్తుంది. మళ్లీ నొక్కుతుంది. ఇరవై నిమిషాలు. ఈ పిల్ల రెండొందల మంది ముందు స్టేజీ ఎక్కి గడగడా మాట్లాడుతుంది, ఇంటర్వ్యూలంటే టెన్షన్ పడదు. అలాంటిదానికి నోరు పెగల్లేదు. చివరికి నా దగ్గరికొచ్చి "నాన్నా, ఈమెయిల్ పంపితే సరిపోదా?" అంది. నీ ఇష్టం తల్లీ అన్నాను. కాసేపు నిలబడి "తాతయ్య ఏమని అడిగేవాడు?" అంది.

అమ్మా, మీ ఇంట్లో బుధవారం ఖాళీ ఉందా అనేవాడు అన్నాను.

వెళ్లి ఫోను చేసింది. మాస్టారు ఎత్తలేదు. రెండో ఆయన తర్వాత చూద్దాం అన్నాడు. మూడో ఆవిడ ఈ మధ్యే వేరే దానికి ఇచ్చానమ్మా అంది. సాయంత్రం ఎదురింటి తాతగారి తలుపు కొట్టింది, ఆయన రిటైరైన ట్రక్కు డ్రైవరు, పదకొండేళ్లుగా ఎదురెదురుగా ఉంటున్నా మంచు ఊడ్చేటప్పుడు చెయ్యి ఊపడం తప్ప మాకు పెద్ద మాటల్లేవు. విషయం చెప్పగానే ఆయన లోపలికి రమ్మని, కాఫీ ఇచ్చి, తన చెల్లెలి కొడుకు చిన్నప్పుడు హెర్షీ ఆసుపత్రిలో ఏడాదిన్నర ఉన్నాడని చెప్పాడట. ఆ పిల్లాడికి ఇప్పుడు ముప్పై ఏళ్లు. జేబులోంచి 20 డాలర్ల నోటు తీసి ఇచ్చాడు. మా అమ్మాయి తిరిగొచ్చి ఆ నోటు డైనింగ్ టేబుల్ మీద పెట్టి, చాలాసేపు దాని ముందు కూర్చుంది. పదకొండేళ్లు ఎదురింట్లో ఉన్న మనిషి బతుకులో ఏం జరిగిందో మాకు తెలిసింది, అడగడానికి వెళ్లబట్టి.

ఇవ్వడం గొప్ప అని మనకు అందరూ చెబుతారు. అడగడం వల్ల కలిగే మేలు గురించి ఎవరూ చెప్పరు. తెలివైన పిల్లలకు మనం చిన్నప్పటినుంచీ నేర్పేది ఎవరి ముందూ చెయ్యి చాపొద్దు అనే. దాన్నే ఆత్మాభిమానం అంటాం. కానీ ఇంకొకరి కోసం జోలె పట్టినవాళ్లను మన నేల మీద ఎప్పుడూ తక్కువగా చూడలేదు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టిన కోపల్లె హనుమంతరావు గారు లా చదివి కూడా ప్లీడరు పని వదులుకుని ఆ కాలేజీ కోసమే బతికారు, జనం ఇచ్చిన చందాల మీద దాన్ని నిలబెట్టారు. అడిగేవాడికి వద్దు అనిపించుకోవడం తెలుస్తుంది. తన మాట మీద నమ్మకంతో ఎవరో కష్టార్జితం చేతిలో పెట్టినప్పుడు ఆ బరువు తెలుస్తుంది. నూరుకు తొంభై తొమ్మిది తెచ్చుకునే పిల్లలకు ఈ రెండూ ఏ క్లాసులోనూ దొరకవు.

దీని మీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, నా భార్యే మొదట లేవనెత్తింది. చదువు పాడవుతుంది అంది. ఆనర్స్‌లో ఉండాలంటే నాలుగుకు 3.4 జీపీఏ తగ్గకూడదు, థీసిస్ ఉంది, ఇంకెందుకీ తలనొప్పి అంది. నిజమే, ఆ సెమిస్టరులో అమ్మాయి బాగా అలిసిపోయింది. కానీ అలిసిపోయిన రోజుల్లోనే దానికి స్నేహితులు దొరికారు, ఆథర్టన్‌లో మొదటి ఏడు పక్కపక్క గదుల్లో ఉండి కూడా పలకరించుకోనివాళ్లు ఇద్దరు, రాత్రి పూట కవర్ల మీద స్టాంపులు అంటిస్తూ దగ్గరయ్యారు. కమ్యూనిటీ అనే మాట కాలేజీ వాళ్ల పుస్తకాల్లో ప్రతి పేజీలో ఉంటుంది. పిల్లల్ని పక్కపక్కన పడుకోబెడితే అది రాదు. కలిసి ఒక పని మోస్తే వస్తుంది, అదీ తమకు లాభం లేని పని అయితే ఇంకా గట్టిగా వస్తుంది.

ఇంకో అభ్యంతరం దీనికన్నా పెద్దది. ఇంత డబ్బున్న దేశంలో పసిపిల్లల క్యాన్సర్ బిల్లు విద్యార్థులు నాట్యం చేస్తే గానీ తీరకపోవడం ఏమిటి అని. ఈ ప్రశ్న అడిగినవాళ్లతో నాకు తగువు లేదు, అది ప్రభుత్వం చేయాల్సిన పనే, ఇన్సూరెన్సు కంపెనీలను నిలదీయాల్సిన పనే. కానీ హెర్షీలో ఈ రాత్రి మంచం మీదున్న పిల్లకి ఆ చట్టం వచ్చేదాకా ఆగే వీలు లేదు. ఇంకో మాట. పిల్లల్ని ఆ బిల్లుల దగ్గరికి తీసుకెళ్లకపోతే రేపు చట్టాలు చేసే కుర్చీల్లో కూర్చునేది ఈ ఆనర్స్ పిల్లలే కదా, వాళ్లకు ఆ బిల్లు ఎలా ఉంటుందో ఎవరు చెబుతారు? మా అమ్మాయి ఇంజనీరింగు నుంచి మారలేదు గానీ, థీసిస్ మాత్రం ఆసుపత్రి ఖర్చుల లెక్కల మీద తీసుకుంది. నేను చెప్పి చేయించింది కాదు.

మూడో సంగతి ప్రాణాలకు సంబంధించింది, దీని దగ్గర నేను ఎవరితోనూ రాజీ పడను. ఒకప్పుడు థాన్ కోసం పిల్లలు వారాంతాల్లో డబ్బాలు పట్టుకుని దూరపు ఊళ్ల కూడళ్లలో నిలబడేవాళ్లు. 2015లో అలా వెళ్లి వస్తూ కారు ప్రమాదంలో ఒక విద్యార్థిని చనిపోయింది. తర్వాతి ఏడు ఆ డబ్బా చందాలను దశలవారీగా ఆపేయాలని నిర్ణయించారు. 2015లో కోటీ ముప్పై లక్షలు వచ్చిన చోట 2016లో తొంభై ఎనిమిది లక్షల దగ్గర ఆగింది. మొత్తం తగ్గిందని ఎవరూ ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోలేదు, వేరే దారులు వెతుక్కున్నారు, కొన్నేళ్లకు అంకె దానంతట అదే పెరిగింది. అంకె తగ్గినా ఫరవాలేదు అని చెప్పగలిగిన చోటనే పిల్లల చేత చందాలు అడిగించాలి.

అంకెల గురించి ఇంకొకటి చెప్పాలి. నేను కళ్లారా చూసింది, అందులో నా పాత్ర కూడా ఉంది. కొన్నేళ్ల క్రితం మా చుట్టుపక్కల తెలుగువాళ్లం కలిసి ఒక మంచి పని కోసం పిల్లల చేత చందాలు పోగుచేయించాం. ఉగాది పండగ రోజు ఎక్కువ తెచ్చిన ముగ్గురు పిల్లల్ని స్టేజీ మీదికి పిలిచి శాలువాలు కప్పాం. ఆ ముగ్గురిలో ఒకడికి తండ్రి స్నేహితులు ఒక్కొక్కరు 500 డాలర్ల చెక్కులు రాసిచ్చారు, వాడు ఎవరి గడపా తొక్కలేదు. వెనక వరసలో ఇంకో పిల్ల కూర్చుంది. వాళ్ల నాన్నకు అప్పుడు ప్రాజెక్టు లేదు, వీసా గడువు దగ్గరపడుతోంది. ఆ పిల్ల అపార్ట్‌మెంట్లలో తలుపు తలుపూ కొట్టి 41 డాలర్లు తెచ్చింది, అందులో సగం చిల్లర నాణేలు, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో. ఆ సంచి లెక్కపెట్టింది నేనే. శాలువాలు కప్పుతుంటే ఆ పిల్ల తల వంచుకుని చెప్పు కొనతో తివాచీ గీకుతూ ఉండిపోయింది. ఆ రోజు మేం చేసింది తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగినా నాకు ఆ సంచే గుర్తొస్తుంది. పిల్లలు పోగుచేసిన మొత్తాలను పక్కపక్కన పెట్టి చూపిస్తే చివరికి తేలేది వాళ్ల తండ్రుల జీతాలు. కాలేజీలైనా సంఘాలైనా పిల్లల్ని ఎంత తెచ్చావు అని అడగొద్దు, ఎన్ని ఇళ్లకు వెళ్లావు అని అడగండి.

ఇక పెద్దవాళ్లం ఇచ్చే డబ్బు సంగతి. మనవాళ్లు ఇవ్వడంలో చేతికి ఎముక లేనివాళ్లే. అమెరికాలో ఉన్న మా ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో ఏ మంచి పనికైనా గంటలో లక్షలు పడతాయి. కానీ ఇరవై అయిదేళ్ల పండగకు కాలేజీకి ఏం ఇద్దాం అంటే ఆర్చి కడదాం అన్నారు, బ్యాచ్ పేరు చెక్కిన ఆర్చి. నేను హాస్టలు మెస్సు గురించి మాట్లాడాను. నెల చివర మెస్సు బిల్లు కట్టలేక, ఊరెళుతున్నానని అబద్ధం చెప్పి గదిలో బిస్కెట్లు తినే పిల్లలు మా రోజుల్లో ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ల బిల్లు ఎవరికీ తెలియకుండా కట్టే నిధి పెడదాం అన్నాను. దాని మీద పేరెక్కడ వేస్తాం అని ఒకడు అడిగాడు. వాడు చెడ్డవాడు కాదు, రెండు ఊళ్లలో బడికి ఫ్యాన్లు కొనిచ్చాడు. గోడకో ఫ్యానుకో అంటించడానికి వీలుండే దానమే మన కంటికి దానంలా కనిపిస్తుంది. ఇక్కడి ఆనర్స్ కాలేజీలకూ గోడల కోసం డబ్బు దొరికినంత తేలిగ్గా, సెలవులకు ఇంటికి వెళ్లలేక హాస్టల్లోనే మిగిలిపోయిన పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒక పూట అన్నం పెట్టడానికి దొరకదు. నన్నడిగితే ఆ అన్నానికే మొదట ఇవ్వాలి. ఆ పంక్తిలో ఆనర్స్ పిల్లలతో పాటు బయట పిల్లల్నీ కూర్చోబెట్టాలి. వడ్డించే గరిటె ఆనర్స్ పిల్లల చేతిలో పెట్టాలి.

ఆర్చి కట్టారు. మెస్సు నిధికి నాతో కలిపి తొమ్మిది మందిమి నెలనెలా వేసుకుంటున్నాం.

థాన్ రోజుకు వస్తాను. శనివారం రాత్రి మేమిద్దరం వెళ్లాం. బ్రైస్ జోర్డన్ సెంటర్ అంటే వేల కుర్చీల ఇండోర్ స్టేడియం, అన్నీ నిండి ఉన్నాయి, పిల్లలంతా నిలబడే ఉన్నారు, వాళ్లను చూసి మాకూ కూర్చోవాలనిపించలేదు. నిలబడ్డవాళ్లకు మధ్యలో ఇళ్ల నుంచి, స్నేహితుల నుంచి వచ్చిన ఉత్తరాలు పంచుతారు. మా అమ్మ తెనాలి నుంచి రాసింది. గీతల నోటుబుక్కు కాగితం మీద రాస్తే మా తమ్ముడు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు, మేం ప్రింటు తీసి కవర్లో పెట్టాం. మా అమ్మాయికి తెలుగు చదవడం వచ్చు గానీ మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. ముప్పై గంటలు నిద్ర లేని కళ్లతో, వాచిన పాదాల మీద ఒకసారి ఇటు ఒకసారి అటు బరువు మారుస్తూ, ఆ గోలలో, కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని చదవడం పైనుంచి చూశాను. ఏం రాసిందో తర్వాత చూపించింది. నాలుగే వాక్యాలు. "చిట్టితల్లీ, కాళ్లు నొప్పి పుడితే పసుపు వేసి కాపడం పెట్టుకో. నీళ్లు తాగుతూ ఉండు. మీ తాతయ్య ఏడిళ్ల అన్నం తిని పెద్దవాడయ్యాడు. నువ్వు ఎన్ని ఇళ్లు తిరిగావో నాకు ఉత్తరం రాయి."

ఆదివారం నాలుగింటికి అంకెల బోర్డులు ఒక్కొక్కటిగా పైకెత్తారు. పక్కనున్న తెల్లావిడ, నేనెవరో ఆవిడకు తెలియదు, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వాళ్ల మనవడట.

ఆ తర్వాత రెండు వారాలకు అమ్మాయి ఇంటికొచ్చి, డబ్బిచ్చిన 64 మందికీ చేత్తో ఉత్తరాలు రాసింది. ఎదురింటి తాతగారికి రాసింది మాత్రం తనే తీసుకెళ్లి ఇచ్చింది. అరవై అయిదోది నానమ్మకి. 112 ఇళ్లు తిరిగాను నానమ్మా, 64 ఇళ్లు తెరుచుకున్నాయి అని తెలుగులో రాసింది, 'తెరుచుకున్నాయి' ఎలా రాయాలో నన్నడిగి. రాసి, కలం పక్కన పెట్టి, "ఆ ఏడిళ్లు ఎవరివి నాన్నా?" అంది.

నాకు తెలియదు. నాన్న ఉండగా నేనెప్పుడూ అడగలేదు. అమ్మకు ఫోను చేశాం. సోమవారం ఇల్లు మార్కెట్టు దగ్గర అంది, శుక్రవారం వాళ్లు తర్వాత గుంటూరు వెళ్లిపోయారంది, ఒక్కొక్కటే గుర్తుచేసుకుని ఆరు చెప్పింది. గురువారం మాత్రం తెలియదంది, కాలవ గట్టు వీధిలో అని ఒకసారి విన్నానంది. మా తమ్ముడు ఫోను తీసుకుని, ఆ వీధిలో పాత ఇళ్లు ఇంకా రెండు మూడు ఉన్నాయి, ఆదివారం వెళ్లి తలుపు కొట్టి అడుగుతాను అన్నాడు.

మా అమ్మాయి ఒక కవరు విడిగా తీసి పెట్టుకుంది. దాని మీద ఇంకా పేరు రాయలేదు.